చౌక ఎస్.ఎం.పి.ఎస్. కొంటే మొదటికే మోసం
ఆటల కంప్యూటరు కూర్పించుకునే పల్లె యువకులు, వారి తల్లిదండ్రులు గమనించవలసిన సంగతులు

పత్తి డబ్బో, బత్తాయి తోట డబ్బో చేతికి అందినప్పుడు నల్లగొండ జిల్లా పల్లెల్లో ఇంటికి తెచ్చే వస్తువుల్లో ఇప్పుడు ఆటల కంప్యూటరు కూడా చేరింది. కాలేజీలో చదివే కొడుకు అడుగుతాడు. ఆటలకే కాదు, పెళ్లి వీడియోలు కూర్చడానికి, ఫ్లెక్సీలు తయారుచేయడానికి, బొమ్మలకు కదలిక నేర్పే పనికి కూడా అదే యంత్రం పనికివస్తుందని నచ్చజెబుతాడు. అందులో అబద్ధమేమీ లేదు. తండ్రి ఒప్పుకుంటాడు. ఇద్దరూ కలిసి బస్సెక్కి సికింద్రాబాదు పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు వెళతారు. విడిభాగాలు ఏరుకుంటే అక్కడే బిగించి ఇచ్చే దుకాణాలు వరుసగా వుంటాయి.

ప్రాసెసరు, గ్రాఫిక్స్ కార్డు, మానిటరు బేరం పూర్తయ్యేసరికి తెచ్చిన డబ్బు చాలావరకు అయిపోతుంది. చిట్టచివర మిగిలేది కరెంటు ఇచ్చే పెట్టె. దుకాణాల భాషలో దాని పేరు ఎస్.ఎం.పి.ఎస్.

"ఎస్.ఎం.పి.ఎస్. ఏది వెయ్యమంటవన్నా?"

"ఏదో ఒకటి వెయ్యన్నా. లైటు వెలిగితే చాలు."

నష్టానికి బీజం పడేది సరిగ్గా ఆ మాట దగ్గరే. వేలకు వేలు పోసి కొన్న భాగాలన్నీ ఆ ఒక్క పెట్టె నీడన బతకవలసినవి. అది సరైనదైతే ఏళ్ల తరబడి ఎవరికీ గుర్తే రాదు. అది నాసిరకమైతే తాను కాలిపోతూ గ్రాఫిక్స్ కార్డునూ, మదర్‌బోర్డునూ వెంట తీసుకుపోగలదు. కరెంటు నిలకడ తక్కువగా వుండే పల్లెలో ఈ ప్రమాదం పట్నంకంటే ఎక్కువ.

పెట్టె చేసే పని

ఇంటికి వచ్చే కరెంటు 230 వోల్టులు. అది సెకనుకు 100 సార్లు దిశ మార్చుకునే ఏ.సి. కరెంటు. కంప్యూటరు లోపలి భాగాలకు కావలసింది నిలకడగా ఒకే దిశలో పారే డి.సి. కరెంటు. అదీ 12, 5, 3.3 వోల్టులు మాత్రమే. కాలువ నీటిని తూములద్వారా మడికి తగినంత వదిలినట్లు, ఇంటి కరెంటును ఈ మూడు మట్టాలకు దించి పంపడమే ఎస్.ఎం.పి.ఎస్. పని. ఇప్పుడు వాడుకలో వున్న ఏ.టి.ఎక్స్. కొలతల పద్ధతిని 1995లో ఇంటెల్ సంస్థ ప్రవేశపెట్టింది. ఆ పద్ధతి ప్రకారం 12 వోల్టుల తీగలో ఓల్టేజి 5 శాతానికి మించి అటూ ఇటూ పోరాదు. అంటే 11.4కు తగ్గరాదు, 12.6ను దాటరాదు. మంచి పెట్టె బయట కరెంటు ఎగిసిపడుతున్నా ఈ హద్దు నిలుపుతుంది. నాసిరకం పెట్టె నిలపలేదు. ఆట మధ్యలో కంప్యూటరు ఉన్నట్టుండి ఆగిపోయి మళ్లీ మొదలుకావడానికి చాలాసార్లు కారణం ఇదే.

ఎన్ని వాట్లు కావాలి?

బోరు లోతు చూడకుండా మోటారు కొనే రైతు వుండడు. కంప్యూటరు సంగతీ అంతే. ముందు లోపలి భాగాలు ఎంత లాగుతాయో కూడుకోవాలి. ఒక మధ్యరకం ఆటల కంప్యూటరును లెక్కకు తీసుకుందాం. రైజెన్ 5 5600 ప్రాసెసరు నిండు పనిలో 76 వాట్ల వరకు లాగుతుంది. 2023లో వచ్చిన ఆర్.టి.ఎక్స్. 4060 గ్రాఫిక్స్ కార్డుకు 115 వాట్లు. మదర్‌బోర్డు, మెమరీ, డిస్కు, ఫ్యాన్లు అన్నింటికీ కలిపి 60 వాట్లు వేసుకోవచ్చు. మొత్తం సుమారు 250 వాట్లు. మానిటరుకు వేరే ప్లగ్గు వుంటుంది కాబట్టి అది ఈ లెక్కలోకి రాదు.

అయితే ఈ కార్డుకు తయారీదారు సిఫారసు చేసింది 550 వాట్ల పెట్టె. రెట్టింపు ఎందుకని అనుమానం రావచ్చు. గ్రాఫిక్స్ కార్డు కరెంటును ఒకే తీరున లాగదు. ఆటలో పేలుడో, పరుగుపందెమో వచ్చిన క్షణంలో సెకనులో వెయ్యో వంతు కాలం పాటు చెప్పిన అంకెను దాటి గుంజుతుంది. ఆ గుంజుడుకు తట్టుకునే సత్తువ పెట్టెలో వుండాలి. పైగా సగం బరువు మోసేటప్పుడే ఎస్.ఎం.పి.ఎస్. తక్కువ వేడెక్కి, తక్కువ కరెంటు వృథా చేస్తుంది.

అలాగని వెయ్యి వాట్ల పెట్టె కొనడం గోటితో పోయేదానికి గొడ్డలి వాడడమే. 450 వాట్లు లాగే ఆర్.టి.ఎక్స్. 4090 వంటి పెద్ద కార్డుకే తయారీదారు అడిగింది 850 వాట్లు. మధ్యరకం కంప్యూటరుకు 550 నుంచి 650 వాట్లు చాలు. ఆ పైన పెట్టే డబ్బు ఎక్కువ వాట్ల మీద కాక, పెట్టె నాణ్యత మీద పెట్టడం మేలు.

అట్టమీది అంకె, లోపలి అంకె

చౌక పెట్టెల అసలు గుట్టు ఇక్కడే వుంది. అట్టపెట్టె మీద పెద్ద అక్షరాలతో "500" అని వుంటుంది. కాని ఆ అంకె పక్కన వాట్లు అన్న మాట వుండకపోవచ్చు. అది కేవలం మోడలు పేరు కావచ్చు. కొనేవారు చూడవలసింది పెట్టెకు అంటించిన చీటీని. అందులో గళ్ల పట్టిక వుంటుంది. 12 వోల్టుల గడిలో రాసిన ఆంపియర్లను 12తో గుణించాలి. ఆటల కంప్యూటరులో ప్రాసెసరు, గ్రాఫిక్స్ కార్డు ముఖ్యంగా బతికేది ఈ 12 వోల్టుల మీదే.

గడిలో 16 ఆంపియర్లు అని వుంటే వచ్చేది 192 వాట్లే. పైన చెప్పుకున్న 250 వాట్ల కంప్యూటరును అది మోయలేదు. 45 ఆంపియర్లు అని వుంటే 540 వాట్లు. అదే నిజమైన 550 వాట్ల పెట్టె. ఈ గుణకారం అయిదో తరగతి పిల్లవాడు కూడా చేయగలడు. దుకాణంలోనే చేసి చూసుకోవాలి.

ఇంకో గుర్తు "80 ప్లస్" ముద్ర. 2004లో మొదలైన ఈ పరీక్ష, గోడనుంచి తీసుకున్న కరెంటులో కనీసం 80 శాతాన్ని కంప్యూటరుకు అందించే పెట్టెలకు ఇచ్చేది. తరువాత బ్రాంజ్, సిల్వర్, గోల్డ్ అని మెట్లు ఏర్పడ్డాయి. 115 వోల్టుల పరీక్షలో సగం బరువు దగ్గర బ్రాంజ్ 85 శాతం, గోల్డ్ 90 శాతం అందించాలి. 250 వాట్ల కంప్యూటరుకు 80 శాతం పెట్టె గోడనుంచి సుమారు 312 వాట్లు లాగితే, 90 శాతం పెట్టె 278 వాట్లు లాగుతుంది. రోజుకు 4 గంటలు నడిపితే ఏడాదికి 50 యూనిట్ల తేడా. మిగిలే యూనిట్లు మరీ ఎక్కువేమీ కావు. అసలు లాభం వేడి తగ్గడంలో వుంది.

అయితే ఈ ముద్ర కరెంటు పొదుపును గురించి చెప్పేదే తప్ప, భద్రతకు హామీ కాదు. 2021లో గిగాబైట్ సంస్థ 750, 850 వాట్ల పెట్టెలు రెండు రకాలు పరీక్షల్లో పేలిపోతున్నాయని విమర్శలు వచ్చాయి. అవి గోల్డ్ ముద్ర వున్నవే. ఆ ఏడాది ఆగస్టులో ఆ సంస్థ కొన్ని వరుస సంఖ్యల పెట్టెలను మార్చి ఇస్తామని ప్రకటించింది. మితిమీరిన బరువు పడినప్పుడు ఆగిపోయే హద్దునూ తగ్గించింది. పేరున్న సంస్థ అయినా, ముద్ర వున్నా, ఆ మోడలును విడదీసి పరీక్షించినవారు ఏమన్నారో తెలుసుకుని కొనడం మంచిదని దీనివల్ల తేలుతున్నది.

స్టార్టరు లేని మోటారు వద్దు

మోటారుకు స్టార్టరులో రిలే ఎందుకు పెడతారో రైతులకు చెప్పనక్కరలేదు. ఒక ఫేజు పోయినా, ఆంపియర్లు పెరిగినా రిలే పడిపోయి కాయిల్ కాలకుండా కాపాడుతుంది. మంచి ఎస్.ఎం.పి.ఎస్.లోనూ అలాంటి కాపలాలు వుంటాయి. లోపల షార్టు అయితే, వోల్టులు హద్దు మీరితే, బరువు ఎక్కువైతే, వేడి పెరిగితే తనంతట తానే ఆగిపోతుంది. చౌక పెట్టెల్లో వీటిలో ఒకటి రెండుంటే వుంటాయి, లేకుంటే లేదు. చూడడానికి బయట నలుపు రంగు, ఫ్యాను, ఎర్ర దీపాలు ఒక్కతీరుగానే వుంటాయి. మేడిపండు చందమే.

వేసవి ఎండ మరో పరీక్ష. నల్లగొండ జిల్లాలో మే నెలలో ఎండ ఎంత మండుతుందో అందరూ ఎరిగినదే. రేకుల ఇంట్లో గది ఇంకా కాగుతుంది. పెట్టెలో కరెంటును నిలవ చేసే కెపాసిటర్లు వేడికి లోపల ఎండిపోతాయి. వేడి 10 డిగ్రీలు పెరిగితే వాటి ఆయుష్షు సుమారు సగానికి పడిపోతుందని ఇంజనీర్ల లెక్క. 105 డిగ్రీలకు తట్టుకునే కెపాసిటర్లు వాడినవి, 40 లేదా 50 డిగ్రీల వేడిలో కూడా పూర్తి వాట్లు ఇస్తామని రాసినవి ఎంచుకోవాలి. 25 డిగ్రీల లెక్క మన ఊళ్లకు సరిపడదు.

లో ఓల్టేజి, న్యూట్రల్ గండం

తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల సరఫరా మొదలైంది. ఇళ్లూ బోర్లూ ఒకే ట్రాన్స్‌ఫార్మరు కింద వున్నచోట యాసంగి నాట్లప్పుడు సాయంత్రం దీపాలు ఎర్రబారడం కొత్త కాదు. కరెంటు పోయి వచ్చిన క్షణంలో ఆటో స్టార్టర్లున్న మోటార్లన్నీ ఒక్కసారే లేస్తాయి. అప్పుడు ఓల్టేజి ఇంకా కుంగుతుంది.

అందుకే పల్లెలో కొనే ఎస్.ఎం.పి.ఎస్. చీటీ మీద "ఇన్‌పుట్ 100–240 వోల్టులు" అని వుండడం ముఖ్యం. "200–240" అని మాత్రమే రాసినది లో ఓల్టేజిలో తడబడుతుంది. వెనుక 115, 230 అని ఎర్ర మీట వున్న పాత పెట్టెలు ఇంకా పాత సామాను దుకాణాల్లో కనిపిస్తాయి. ఆ మీట పొరపాటున 115 వైపు వుండగా మన కరెంటు ఇస్తే పెట్టె అక్కడికక్కడే పేలుతుంది. అటువంటివి కొనరాదు.

ఓల్టేజి తగ్గితే ఎస్.ఎం.పి.ఎస్. ఎక్కువ ఆంపియర్లు లాగుతుంది. 280 వాట్లకు 230 వోల్టుల దగ్గర సుమారు 1.2 ఆంపియర్లు అయితే, 160 వోల్టుల దగ్గర 1.75 ఆంపియర్లు. లో ఓల్టేజిలో మోటారు వేడెక్కడానికి కారణం ఏదో, ఇక్కడా అదే. పూర్తి సత్తువ అంచున నడిచే చౌక పెట్టె ఆ అదనపు బరువుకే చతికిలబడుతుంది. కరెంటు వచ్చిన వెంటనే కంప్యూటరు పెట్టక, నాలుగైదు నిమిషాలు ఆగడం అందరికీ మంచిది.

లో ఓల్టేజికంటే భయంకరమైనది న్యూట్రల్ తెగడం. గాలివానకు స్తంభం మీద న్యూట్రల్ తీగ తెగితే కొన్ని ఇళ్లకు 230కి బదులు 400 వోల్టుల దాకా రావచ్చు. బల్బులు పగలడం, టీవీలు కాలడం అప్పుడే. ఎంత మంచి ఎస్.ఎం.పి.ఎస్. అయినా దాన్ని తట్టుకోలేదు. అయితే మంచి పెట్టె చాలా సందర్భాల్లో తాను బలై, వెనుక వున్న కార్డును, బోర్డును కాపాడుతుంది. అసలు ఆ ఓల్టేజి ఇంట్లోకి రాకుండా మీటరు బోర్డు దగ్గరే, ఓల్టేజి హద్దు దాటితే తెంచేసే పరికరం ఒకటి బిగించుకుంటే కంప్యూటరుతో పాటు ఫ్రిజ్జు, టీవీ కూడా దక్కుతాయి. మామూలు స్పైక్ బోర్డు క్షణకాలపు ఎగుడును ఆపుతుందే కాని, నిమిషాల తరబడి వచ్చే 400 వోల్టులను ఆపలేదు. ఉరుములు మొదలైతే స్విచ్ ఆపితే సరిపోదు. ప్లగ్గు, ఇంటర్నెట్ తీగ రెండూ పీకివేయాలి.

కేబినెట్ జిల్లుమంటే?

ఇల్లు ఊడ్చేటప్పుడు కంప్యూటరు ఇనుప పెట్టెకు చెయ్యి తగిలి జిల్లుమందని ఆడవాళ్లు చెప్పడం చాలా ఇళ్లలో వుంది. కంప్యూటరు చెడిపోయిందని భయపడి దుకాణానికి మోసుకుపోతారు. తప్పు ఇంటి ఎర్తుది. ఎస్.ఎం.పి.ఎస్. లోపల కరెంటు చప్పుడును వడగట్టే చిన్న కెపాసిటర్లు ఆ లీకును ఎర్తు తీగలోకి వదులుతాయి. ఎర్తు లేకపోతే అది ఇనుప పెట్టె మీదే నిలిచి, సుమారు సగం ఓల్టేజి చేతికి తగులుతుంది. ప్రవాహం చాలా తక్కువ కాబట్టి జిల్లుమని వూరుకుంటుంది. కాని అదే ఎర్తు లేని ఇంట్లో లోపలి తీగ ఒరిసి ఇనుముకు తగిలితే ప్రాణమే పోతుంది.

కాబట్టి కంప్యూటరు ఇంటికి రాకముందే ఎర్తు గుంత సరిచూసుకోవాలి. బొగ్గు, ఉప్పు వేసి, ఎండాకాలంలో నీళ్లు పోసి తడి ఆరకుండా వుంచాలి. మూడు కాళ్ల ప్లగ్గులో లావు కాలు విరగ్గొట్టి రెండు కాళ్లతో వాడడం మానాలి. 30 మిల్లీ ఆంపియర్ల లీకుకే తెంచివేసే ఆర్.సి.సి.బి. బిగించుకుంటే ఇంటిల్లిపాదికీ రక్ష.

యు.పి.ఎస్., ఇన్వర్టరు

పైన చెప్పిన కంప్యూటరు, మానిటరు కలిపి గోడనుంచి సుమారు 310 వాట్లు లాగుతాయి. 600 వి.ఏ. అని రాసిన యు.పి.ఎస్.లు చాలావాటిలో మోయగలిగేది 360 వాట్లే. అది అంచు మీద నడవడమే. 600 వాట్లు మోసే 1000 వి.ఏ.ది నిశ్చింత. ఇంటి ఇన్వర్టరుకు కలపాలంటే అది సైన్ వేవ్ రకం కావాలి. స్క్వేర్ వేవ్ ఇన్వర్టరు మీద నేటి మంచి ఎస్.ఎం.పి.ఎస్.లు కొన్ని ఆగిపోతాయి, మరికొన్ని గురగురమంటాయి. ఇన్వర్టరు వెనుక యు.పి.ఎస్. మీట వుంటే దాన్ని ఆ వైపే వుంచాలి. కరెంటు పోయిన క్షణంలో ఎస్.ఎం.పి.ఎస్. తన నిలవతో నెట్టుకురాగలిగేది సెకనులో అరవయ్యో వంతు కాలమే. ఆ లోపల ఇన్వర్టరు అందుకోవాలి.

తీగల విషయంలో

గ్రాఫిక్స్ కార్డుకు ప్రత్యేకమైన తీగ ఎస్.ఎం.పి.ఎస్.లోనే వుండాలి. ఎనిమిది పిన్నుల తీగ ఒక్కటి 150 వాట్లు మోస్తుంది. అది లేని చౌక పెట్టెకు అతుకు తీగలు కలిపి పని జరిపించడం నిప్పుతో చెలగాటం. ఒక సంస్థ పెట్టె తీగలు వేరే సంస్థ పెట్టెకు పెట్టరాదు. మూతి ఒకేలా వున్నా లోపల 12 వోల్టులు రావలసిన చోట వేరేది రావచ్చు. పెద్ద కార్డులకు వచ్చిన పదహారు పిన్నుల కొత్త రకం మూతులు కొన్ని కరిగిపోయినట్లు 2022 అక్టోబరులో వార్తలు వచ్చాయి. ఏ మూతి అయినా సందు లేకుండా చివరిదాకా నొక్కాలి.

ఇంకొక్క హెచ్చరిక. ఎస్.ఎం.పి.ఎస్. పెట్టెను ఇంట్లో విప్పరాదు. ప్లగ్గు తీసిన తరువాత కూడా లోపలి పెద్ద కెపాసిటరులో 300 వోల్టులకు పైగా నిలిచి వుండవచ్చు. దుమ్ము దులపాలంటే ప్లగ్గు తీసి, బయటినుంచి గాలి కొట్టడమే. బల్లులు, చీమలు దూరకుండా పెట్టెను నేలమీద కాక బల్లమీద వుంచాలి.

బిల్లు లేనిదే కదలవద్దు

మంచి పెట్టెలకు 5, 7, 10 ఏళ్ల వారంటీ ఇస్తారు. తన సరుకు మీద తయారీదారుకు ఎంత నమ్మకమో ఆ అంకే చెబుతుంది. బి.ఐ.ఎస్. గుర్తు కింద ఆర్ అక్షరంతో మొదలయ్యే నమోదు సంఖ్యను ఫోనులోని బి.ఐ.ఎస్. కేర్ యాప్‌లో కొట్టి చూసుకోవచ్చు. జి.ఎస్.టి. బిల్లులో ఎస్.ఎం.పి.ఎస్. మోడలు పేరు, వరుస సంఖ్య రాయించుకోవాలి. "అసెంబుల్డ్ కంప్యూటరు – 1" అని ఒక్క ముక్కలో రాసిన బిల్లుతో రేపు వారంటీ అడగడం కష్టం. మోసం జరిగితే జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రానికి 1915 నంబరుకు ఫోను చేయవచ్చు. 2019 వినియోగదారుల చట్టం కింద జిల్లా కమిషన్‌కు ఫిర్యాదు ఇవ్వవచ్చు. కరెంటు ఓల్టేజి, న్యూట్రల్ సమస్యలకు విద్యుత్ సంస్థ నంబరు 1912.

డబ్బు సరిపోకపోతే ఏం చేయాలన్నది ప్రతి ఇంట్లో వచ్చే ప్రశ్నే. గ్రాఫిక్స్ కార్డు ఒక మెట్టు తగ్గించుకోవచ్చు. రంగు దీపాలు, అద్దాల కేబినెట్ మానుకోవచ్చు. మెమరీ వచ్చే పంటకు పెంచుకోవచ్చు. ఇవన్నీ తరువాత మార్చుకునే వీలున్నవి. ఎస్.ఎం.పి.ఎస్. దగ్గర మిగిల్చిన డబ్బు మాత్రం మిగిలినట్లు కాదు. అది కాలిన రోజున పోయేది దాని ధర ఒక్కటే కాదు, తండ్రి పంట డబ్బు మొత్తం. చేతులు కాలాక ఆకులు పట్టుకునేకంటే, చీటీ మీది ఆంపియర్లను 12తో గుణించి చూడడానికి పట్టే అర నిమిషం దుకాణంలోనే వెచ్చించడం మేలు.